సునంద ఫైలులో పద్నాలుగు కాగితాలు

కోవిడ్ తర్వాత సరిహద్దులు తెరిచిన మరుసటి ఏడాది, జనవరిలో, నన్ను లా, బిజినెస్ కోర్సుల విభాగానికి అడ్మిషన్స్ అసెసర్‌గా మార్చారు. పశ్చిమ ఆక్లండ్‌లోని ఒక పాలిటెక్నిక్ మాది, ఇక్కడ పాలిటెక్నిక్ అంటే అన్ని రకాల వృత్తి చదువులూ చెప్పే చోటు. అంతకు ముందు పదకొండేళ్లు అక్కడే నర్సింగ్, హెల్త్‌కేర్ దరఖాస్తులు చూశాను. అసెసర్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. పైన టీమ్ లీడర్, ఆ పైన రిజిస్ట్రార్. దరఖాస్తు తెరిచి మూడు సంగతులు తేల్చడం మా పని. ఈ మనిషి ఫలానా మనిషేనా, ఈ దేశంలో చదువుకునే హక్కు ఉందా, కోర్సుకు తగిన చదువు ఉందా. మూడూ సరిపోతే ఆఫర్ లెటర్ పంపుతాం. ఏ ఒక్కటి తేడా కొట్టినా ‘హోల్డ్’ పెడతాం. హోల్డ్ పడిన ఫైలు పత్రాల నిజానిజాలు చూసే వేరే బృందానికి వెళ్తుంది. వాళ్ల దగ్గర మామూలుగా మూడు వారాలు పడుతుంది.

ఆ విభాగంలో ఎక్కువ గిరాకీ ఉన్నది లీగల్ ఎగ్జిక్యూటివ్ డిప్లొమాకి. వేరే దేశాల్లో పారాలీగల్ అంటారు. లాయరు కాదు, అలాగని ఉత్త గుమాస్తా కూడా కాదు. ఇళ్ల అమ్మకాల కాగితాలు, వీలునామాలు, ట్రస్టు పత్రాలు తయారుచేసి లాయరు సంతకానికి సిద్ధం చేసే మనిషి. ఇక్కడ ఏ లా ఆఫీసైనా నడిచేది వీళ్ల చేతుల మీదుగానే.

ఫిబ్రవరిలో క్లాసులు మొదలవడానికి సరిగ్గా వారం ముందు, ఒక బుధవారం, సునంద దరఖాస్తు నా వంతుకు వచ్చింది. న్యూ లిన్‌లో కాపురం. ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఇక్కడికి వచ్చి ఎనిమిదేళ్లు, రెసిడెన్సీ ఉంది, రెస్ట్ హోంలో కేర్‌గివర్. ఈ కోర్సు ఎందుకు అన్న ప్రశ్నకు చాలామంది పేజీల కొద్దీ ఆదర్శాలు రాస్తారు. ఈవిడ నాలుగే వాక్యాలు రాసింది. ముసలివాళ్లను లేపీ పడుకోబెట్టీ నడుము పోయింది. ఇంకో ఏడాది ఈ పని చేయవద్దని డాక్టర్ చెప్పాడు. హెండర్సన్‌లో ఒక లా ఆఫీసు వాళ్లు ట్రైనీగా తీసుకుంటామన్నారు. క్లాసులు మొదలయ్యే రోజుకల్లా కోర్సులో చేరినట్టు కాగితం చూపించాలి, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తారు. అంతే.

గుర్తింపు కోసం మేము అడిగేది ఒకే ఒక్క పత్రం. పాస్‌పోర్టు గానీ, జనన ధ్రువపత్రం గానీ. మనవాళ్ల దరఖాస్తును మాత్రం పేరు చూడకుండానే పట్టేస్తాను, ఒకటి అడిగితే కట్ట వస్తుంది. సునంద పద్నాలుగు జతచేసింది. పాస్‌పోర్టు, వీసా, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ప్రొవిజనల్, టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, రేషన్ కార్డు, రెస్ట్ హోం వాళ్ల లేఖ, పాస్టరుగారి లేఖ, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్, టీకా సర్టిఫికెట్, చివరగా బాప్తిస్మం సర్టిఫికెట్. ఆ రేషన్ కార్డును చూసి నవ్వాను కూడా. ఆక్లండ్‌లో దానితో ఎవరికేం పని తల్లీ అనుకున్నాను.

బాప్తిస్మం సర్టిఫికెట్ తెరిచాక నవ్వు ఆగిపోయింది. అందులో పుట్టిన తేదీ నవంబరులో ఉంది. పాస్‌పోర్టులో, టెన్త్ మెమోలో జూన్ ఒకటి.

సంగతేమిటో నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. బడులు తెరిచేది జూన్‌లో. అప్పటికి ఐదేళ్లు నిండాలి. నిండకపోతే హెడ్మాస్టరు పిల్లను ఒకసారి ఎగాదిగా చూసి, జూన్ ఒకటి అని రిజిస్టరులో రాసి కూర్చోబెట్టేవాడు. తల్లిదండ్రులు కాదనేవాళ్లు కాదు, ఏడాది కలిసొచ్చింది కదా అనుకునేవాళ్లు. ఆ రిజిస్టరులోంచి టెన్త్ మెమోకి, మెమోలోంచి పాస్‌పోర్టుకి అదే తేదీ పాకేది. మా తరంలో ఒక్కో క్లాసులో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు.

ఈ ముక్క రెండు వాక్యాల్లో ఫైల్లో నోట్‌గా రాస్తే సరిపోయేది. తేడాకు కారణం రాతపూర్వకంగా ఉంటే హోల్డ్ ఎత్తేసే అధికారం టీమ్ లీడరుకు ఉంది. నేను రాయలేదు. కొత్త విభాగంలో నెల కూడా నిండలేదు, తెలుగావిడ ఫైలుకు తెలుగావిడ వత్తాసు పలికిందంటారు, మనకెందుకొచ్చిన గొడవ అని నాకు నేనే చెప్పుకుని హోల్డ్ నొక్కాను. నియమం ప్రకారం నేను చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పనే.

హోల్డ్ పడగానే దరఖాస్తుదారుకు ఈమెయిల్ వెళ్తుంది, కింద అసెసర్ పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. మర్నాడు ఉదయం తొమ్మిదింటికే ఫోను మోగింది. నా పేరు చూసి కనిపెట్టిందేమో, ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడి, “మేడమ్, మీరు తెలుగువాళ్లేనా?” అంది. అవునన్నాను. ఆ క్షణం నుంచి నేను మేడమ్ కాదు, ఆంటీని.

“ఆంటీ, ఆ బాప్తిస్మం పేపర్ ఒక్కటి తీసేయండి ఆంటీ. ఏది అడుగుతారో తెలీక అన్నీ అప్‌లోడ్ చేసేశా. నాదే తప్పు.”

నాకు ఒళ్లు మండింది. “లా చదవబోతూ ఫైల్లోంచి కాగితం లాగేయమంటావా? రేపు లా ఆఫీసులో కూడా ఇదే పని చేస్తావా?” అని కసిరాను. ఫైల్లో పడిన పత్రాన్ని తీసేస్తే నా ఉద్యోగం పోవడం ఖాయం, అది వేరే సంగతి. గొంతులో అంత కారం ఎందుకొచ్చిందో అప్పుడు నాకే అర్థం కాలేదు.

ఆమె ఏడుపు ఆపుకుంటూ, “మరేం చెయ్యమంటారు ఆంటీ? నవంబరే నిజం. జూన్ మా హెడ్మాస్టర్ గారు రాసింది. ఆ రెండిట్లో ఏదీ నేను రాయలేదు కదా,” అంది.

గొంతు తగ్గించి, చేయగలిగింది చెప్పాను. ఇక్కడ స్టాట్యూటరీ డిక్లరేషన్ అని ఒకటి ఉంది, ప్రమాణ పత్రం. జరిగింది జరిగినట్టు రాసి, జస్టిస్ ఆఫ్ ద పీస్ ఎదుట సంతకం పెట్టాలి. వాళ్లను జేపీ అంటారు, ఊళ్లో పెద్దమనిషిలాంటి స్వచ్ఛంద అధికారులు, చాలా లైబ్రరీల్లో వారానికోసారి కూర్చుంటారు. అబద్ధం రాస్తే నేరం. “నన్ను రాసిపెట్టమని అడగకు, నువ్వే రాయి,” అన్నాను.

శనివారం వాళ్ల లైబ్రరీలో జేపీ ఎదుట సంతకం చేసి, సోమవారం పొద్దున్నే ప్రమాణ పత్రం పట్టుకుని మా కౌంటరుకు వచ్చింది. నలభై దాటిన మనిషి, రెస్ట్ హోం యూనిఫాంలోనే ఉంది, కుర్చీలో కూర్చోవడానికి రెండు చేతులూ ఆనించాల్సి వచ్చింది. చేతిలో ఒకే పేజీ. తన పేరు, రెండు తేదీలు, ఏది ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఈ దేశంలో అన్ని చోట్లా తాను వాడింది పాస్‌పోర్టు తేదీయేనని. బతిమాలడం లేదు, దేవుడి సాక్షి అనడం లేదు. పదకొండేళ్లలో చాలా ప్రమాణ పత్రాలు చూశాను, అంత శుభ్రంగా రాసినది చూడలేదు. ఈవిడ ఈ పనికి పుట్టిందిరా అనుకున్నాను. క్లాసులు మొదలయ్యేది బుధవారం.

మా టీమ్ లీడర్ హెలెన్, ఇక్కడే పుట్టి పెరిగిన కివీ ఆవిడ, మాట పొదుపు, పని గట్టి; నర్సింగ్ విభాగానికీ ఆవిడే లీడరు కాబట్టి ఏళ్లుగా తెలిసిన మనిషే. ఆమె పేజీని రెండుసార్లు చదివింది. ఇది ఈ ఒక్క మనిషి చెబుతున్న కథా, మీ వైపు నిజంగా ఉన్న అలవాటా అని అడిగింది. అలవాటే అన్నాను. ఎవరో అలా అంటారని నోట్ రాస్తే పైవాళ్లు ఒప్పుకోరని, నీకు సొంతంగా తెలిసిన మనిషి ఒక్కరున్నా పేరు పెట్టి రాయమని అంది.

చెప్పక తప్పదు. నా పాస్‌పోర్టులో కూడా జూన్ ఒకటే. మా అమ్మ లెక్క ప్రకారం నేను శ్రావణ శుక్రవారం నాడు పుట్టాను. ఉద్యోగంలో చేరినప్పుడు, పౌరసత్వం తీసుకున్నప్పుడు, అన్నిటా జూన్ ఒకటే రాశాను. అది బయటపెడితే ఏమవుతుందోనన్న భయం మనసులో ఏ మూలో ఉండేది. సునంద ఫైలు తెరిచిన రోజు నాకు ఒక నోట్ రాయడానికి చెయ్యి రాకపోవడానికి, ఆ అమ్మాయిని ఫోన్లో అంతలా కసరడానికి కారణం అదే. ఇదంతా హెలెన్ ముందు నిలబడ్డ ఆ అర నిమిషంలో బుర్రలోకి ఎక్కింది. నన్ను చూసి నాకే సిగ్గేసింది.

“నాదీ అంతే,” అన్నాను.

హెలెన్ కళ్లజోడు తీసి నా వంక చూసింది. అయితే ఇన్నేళ్లూ జూన్ ఒకటిన మేమంతా తెచ్చిన కేకుల మాటేమిటి అని అడిగింది. తిన్నాను అన్నాను. ఆవిడ ఫక్కున నవ్వింది. అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత మామూలు గొంతుతో చెప్పింది: నీ పాస్‌పోర్టు తేదీయే నీ అధికారిక తేదీ, అన్ని చోట్లా ఒకటే వాడావు, ఎవర్నీ మోసం చెయ్యలేదు, ఆవిడా అంతే. మనం తేల్చాల్సింది ఆవిడ ఆవిడేనా అన్నది, కేకు ఎప్పుడు కొయ్యాలన్నది కాదు. అమ్మయ్య అనుకున్నాను.

నా పేరుతో నోట్ రాసి సంతకం చేశాను. సునంద ప్రమాణ పత్రం దానికి జతపడింది. మధ్యాహ్నం రెండింటికి హోల్డ్ ఎత్తేశారు, రెండూ పదికి ఆఫర్ లెటర్ వెళ్లింది. ఈమెయిల్ చూసుకుంటుందో లేదోనని నేనే ఫోన్ చేశాను. డ్యూటీలో ఉంది, వెనకాల వాషింగ్ మెషీన్లు తిరుగుతున్న చప్పుడు. సీటు వచ్చిందమ్మా, లెటర్ పంపించాం, యాక్సెప్ట్ నొక్కితే చేరినట్టు కాగితం సాయంత్రానికి వస్తుంది అన్నాను.

“ఆంటీ, ఒక్క నిమిషం... నేను కూర్చుంటా,” అంది. కూర్చున్నట్టు చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఊరికే నవ్వుకున్నాం. ఫోన్లో కసిరినందుకు క్షమించమన్నాను. “అయ్యో, ఊరుకోండి ఆంటీ,” అంది. బుధవారం సాయంత్రం క్లాసు హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన టిక్కు చూసుకుని గాని ఇంటికి వెళ్లలేదు.

ఆ ఏడాదే మా దరఖాస్తు ఫారంలో నేను ఒక వాక్యం చేర్పించాను: గుర్తింపుకు ఒక్క పత్రం చాలు, అడగనివి పంపవద్దు. మనవాళ్లు దాన్ని లక్ష్యపెట్టకుండా కట్టలు పంపుతూనే ఉన్నారు.

నిరుడు రిటైరయ్యాను. కొత్తగా చేరే అసెసర్లు సలహా అడిగితే ఒకటే చెబుతాను. తేడా కనిపిస్తే హోల్డ్ పెట్టండి, అది మీ పని. ఆ తేడాకు కారణం మీకు తెలిసినప్పుడు అది కూడా రాయండి, అదీ మీ పనే. తెలిసిన సంగతి దాచుకుని నియమం పాటించానని చెప్పుకోవడం నేను చేశాను. దానివల్ల నడుము నొప్పితో ఉన్న ఒక మనిషి ఐదు రోజులు అనవసరంగా వణికిపోయింది.