వదినకు నేను చెప్పిన బూజు

మా అన్న భార్య విమల వదినకు మురికి కంటపడితే అన్నం సహించదు. మొయినాబాద్ బడిలో ఇరవై ఏళ్లు ఆయాగా చేసింది. రిటైరయ్యాక ఊడ్వడానికి బడి లేక, పక్కింట్లో ఉండే మా వాకిలి కూడా తనే ఊడుస్తోంది. వద్దంటే నన్నూ నా భార్యనూ కలిపి తిడుతుంది. ఆ తిట్లు రెండురోజులు వినబడకపోతే నాకే తోచదు.

ఆమెకు బంగారం మీద లేని మమకారం పసుపు విత్తనం మీద ఉంది. పెళ్లయిన ఏడు వాళ్లమ్మ ఇచ్చి పంపిన కొమ్ములవి. ఏటా నాటుతుంది, తవ్వుతుంది, కొన్నిటిని విత్తనానికని వానాకాలం దాకా దాస్తుంది. రెండేళ్లుగా అవి దాచినచోటే కుళ్లిపోతున్నాయి. ఈసారి మిగిలింది రెండు గంపలు. తల్లి పోయి పదేళ్లయింది. ఇవీ పోతే ఆ విత్తనం ఇంకెక్కడా దొరకదు. ఆదివారం చర్చిలో ఆమె ప్రార్థనంతా వాటి గురించేనని వెనక కూర్చునే నాకు తెలుసు.

వదిన కూతురు దీవెన షాబాద్ దగ్గర నర్సరీలో పనిచేస్తుంది. ట్రైకోడెర్మా అనే పొడి పొట్లం తెచ్చింది.

"అమ్మా, ఇది గూడ బూజే. గని మంచి బూజు. గడ్డను కుళ్లవెట్టే బూజును ఇది తింటది."

"బూజుల మంచిది ఎక్కడిదే?" అని గొణుగుతూనే వదిన ఆ పొడి కలిపిన నీళ్లలో కొమ్ముల్ని ముంచి, నీడన ఆరబెట్టి, గంపలకెత్తి వెనకగదిలో పెట్టింది.

వారం తర్వాత దీవెన నాకు ఫోన్ చేసింది. "చిన్నబాపు, గడ్డల మీద ఆకుపచ్చగ మంచి బూజొస్తే అమ్మను తుడవొద్దని చెప్పు." నేను చేవెళ్ల బస్సు అందుకునే తొందరలో ఉన్నాను. గోడ మీంచి ఒక్క కేకేశాను. "వదినా, ఆ గదిల బూజు ముట్టొద్దట."

ముట్టలేదు మహాతల్లి. దూలాల నిండా సాలీళ్లు గూళ్లు అల్లుతుంటే జీవితంలో మొదటిసారి పళ్లు బిగబట్టి ఊరుకుంది. కొమ్ముల మీద పచ్చగా లేచినదాన్ని మాత్రం ప్రతి శనివారం తడిబట్టతో శుభ్రంగా తుడిచింది.

నెలకు దీవెన వచ్చి ఆ గదిలోకి వెళ్లింది, వెనకే నేనూ. తలెత్తి చూసి పకపకా నవ్వింది. "గిదేందమ్మా, ఇంత బూజు?"

"నువ్వే గద ముట్టొద్దన్నవట."

గంపలో చెయ్యిపెట్టేసరికి దీవెన నవ్వు ఆగింది. సగానికి పైగా మెత్తబడ్డాయి. "పొడి పోయింది, తడి మిగిలింది" అంది. ఇద్దరూ నావైపు చూశారు. వదిన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కుళ్లినవి ఏరేసి, గట్టివాటికి మళ్లీ పొడి పట్టించారు. ఒక గంప కూడా నిండలేదు. పచ్చబూజు మళ్లీ వచ్చింది. శనివారాలు వదిన చేతులు కట్టుకుని గుమ్మం బయటే నిలబడేది. లోపలికెళ్తే చెయ్యి ఊరుకోదని ఆమెకు భయం.

జూన్‌లో వాన పడ్డాక గంప బయటికి తెచ్చింది. ఒక్కో కొమ్మునూ వేలితో నొక్కి చూసింది. అన్నీ గట్టిగా ఉన్నాయి. ముఖం చూపించలేక నేను గోడ దగ్గరే ఆగిపోయాను. ఆమే సగం కొమ్ములు చాటలో పోసుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇవి నీ చేన్ల పెట్టుకో, రత్నాకర్."

"గంత చేసినంక గూడ నా చేతికిస్తవా వదినా?"

"అందుకే ఇస్తున్న. ఒక్క ఇంట్లనే ఉంటే ఒక్క తప్పుకే పోతది."

చాట అందుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.