సౌర తుఫానుకు గరిక పోచ

సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగిందని, ఆ గాలి వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేస్తుందని టీవీలో చెప్పారు. మా అమ్మ దాన్ని గ్రహణం లెక్కలో వేసుకుంది. పొద్దున లేచేసరికి తొక్కుల జాడీల మీద, పాలగిన్నె మీద, చివరికి ఫ్రిజ్ మీద కూడా గరిక పోచలు. మణికొండలో మా అపార్టుమెంటు లాన్‌లోంచే పీక్కొచ్చింది.

"ఇది గ్రహణం కాదమ్మా!" అని ఒంటికాలి మీద లేచాను.

"ఏదైతేంది? సూర్యునికి బాగలేదన్నరు గద," అంది.

నవ్వుకుంటూ ఆఫీసుకు వెళ్లాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఈ తుఫానుకు పేస్‌మేకర్లు ఆగిపోతాయని మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. మా బాపు గుండె నడిచేదే పేస్‌మేకర్‌తో. ఇలాంటి మెసేజీలు నమ్మేవాళ్లను వెక్కిరించే మనిషిని నేను. అయినా ఇంటికి ఫోన్ చేశాను. బాపు ఫోన్ స్విచ్ఛాఫ్. అమ్మదీ అంతే.

రాయదుర్గంలో ఆఫీసు ముందే ఇంటికి క్యాబ్ ఎక్కాను. గోరుచుట్టు మీద రోకలిపోటులా, ఫ్లైఓవర్ కిందికి రాగానే మ్యాప్‌లో మా కారు చెరువు మధ్యలో తేలింది. మామూలు రోజుల్లోనూ అది అక్కడ తప్పుతుంది. ఆ రోజు మాత్రం అది తుఫాను పనే అనుకున్నాను. బాపును చూసే డాక్టరుకు ఫోన్ చేశాను.

"భూమికి అయస్కాంత కవచం ఉందండి. దెబ్బంతా అదే కాచుకుంటుంది. ధ్రువాల దగ్గర ఆకాశం రంగులు మారుతుంది, ఉపగ్రహాలకు కాస్త ఇబ్బంది. మీ నాన్నగారికి ఏమీ కాదు," అన్నాడాయన. విన్నాను గానీ, బాపును కళ్లారా చూస్తే తప్ప మనసు నిలిచేలా లేదు.

తలుపు తీసేసరికి బాపు సోఫాలో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

"వచ్చినవా బిడ్డా? జర మీ అమ్మకు చెప్పు. పొద్దటి సంది బువ్వ పెడ్తలేదు. ఫోన్లు గూడ బంద్ చేసింది."

ఆ విసుగు వినగానే నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. చెప్పులైనా విప్పకుండా ఆయన పక్కన కూలబడి ఏడ్చేశాను. చూస్తే ఆయన అంగీ జేబులో, సరిగ్గా పేస్‌మేకర్ ఉన్న వైపే, ఒక గరిక పోచ.

డాక్టరు చెప్పిందంతా అమ్మకు చెప్పాను.

"భూమికి కవచమున్నది, మంచిదే," అంది. "మీ బాపుకేమున్నది, నేను తప్ప?"

ఆ పోచ తీయనివ్వకుండానే ఆయనకు బువ్వ పెట్టింది.