పతకం మా బాల్కనీ మీదే పడింది

ఈ రోజు ప్రొద్దుటూరులో మేం కొన్న కొత్త ఫ్లాట్ తాళాలు తీసుకోవడానికి వెళ్లాను. బంగారం అంగళ్ల ఊరు కదా, అపార్ట్‌మెంట్ ముందు గోడ మీద ఆరంతస్తుల పొడవునా బంగారు రంగు రేకులతో హారం చేయించారు. రోడ్డు మీంచి చూస్తే బాగానే ఉంది. కానీ హారం పతకం సరిగ్గా మా బాల్కనీని మూసేసింది. పౌరోహిత్యం మానుకున్నా, మా మామగారు ఉదయించే సూర్యుణ్ణి చూసి అర్ఘ్యం వదలందే కాఫీ తాగరు. తూర్పు ఫ్లాట్ కొన్నదే అందుకు.

"పతకం మీ ఇంటికే వచ్చిందక్కా, శానా అదృష్టం," అన్నాడు సూపర్‌వైజర్.

"మా మామకు సూర్యుడు యాడ కనపడతాడప్పా?"

"పతకం కోస్తే హారం బోడిగా ఉంటాది గదక్కా. రోడ్డున పోయేటోళ్లు ఏమనుకుంటారు?"

"వాళ్లు ఈడ కాపురముండరు గదా."

తాళాలు తీసుకోకుండా వచ్చేశాను. ఊరంతా మెచ్చేదాన్ని చెడగొడుతున్నానా అని దారి పొడవునా అనుమానమే. అది నాకు మామూలే. అయినా రేపు తెల్లవారకముందే మామగారినీ ఆయన రాగి చెంబునూ తీసుకుని ఆ బాల్కనీకే వెళ్తున్నాను. తాళాలు తెచ్చి తలుపు తీయమని సూపర్‌వైజర్‌నూ రమ్మన్నాను. మామగారికి సూర్యుణ్ణి అతనే చూపించాలి. చూపించలేకపోతే పతకం కోయాల్సిందే.

మీరైతే తాళాలు తీసుకునేవారా?