అత్త పోలిక

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. పదహారేళ్ల మెదడు గురించి నా అంత బాగా ఎవరూ చెప్పలేరని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఆ వయసులో ఉత్సాహం ముందు పరుగెడుతుంది, ఆలోచించి ఆపే భాగం ఇరవై దాటాక గానీ కుదురుకోదు, పక్కన స్నేహితులుంటే తొందర ఇంకా ఎక్కువ అని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పేదాన్ని.

ఆ పాఠం చెప్పిన వారంలోనే పదహారేళ్ల మా చిన్నమ్మాయి కొండకు పోయి గుండుతో దిగివచ్చింది. మొక్కు దానిది కాదు, స్నేహితురాలిది. మా పిల్లకు నడుం దాటే జడ ఉండేది. పెద్దమ్మాయి నిశ్చితార్థం పది రోజుల్లో ఉంది.

"ఎవుర్ని అడిగి చేసినావే ఈ పని?" అన్నాను.

"అది ఏడస్తా ఉన్నిందిమా. ఒక్కదాన్నే వదల్లేకపోయినా. పక్కన నేనూ కూర్చున్నా."

తల మీద చందనం ఇంకా ఆరలేదు. నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"అచ్చం మీ అత్తే! ఆ రక్తం యాడికి పోతాది?"

అత్త అంటే మా ఆయన అక్క. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఇల్లు వదిలి వెళ్లిపోయి, రెండు రోజులకు సత్యవేడు బస్టాండులో కనిపించిన మనిషి. అప్పటి నుంచి మందుల మీదే ఉంది, పాపం. ఆ సంగతంతా పిల్లకు తెలుసు. ఇంకే అమ్మ అన్నా అది తిట్టు అనుకునేది. పాఠాలు చెప్పే నేనన్నాను కాబట్టి నిజమనుకుంది.

మర్నాడు ఇడ్లీ తింటూ అడిగింది. "మా, నాకూ అట్ల అవుతాదా?"

అత్త జబ్బు వేరు, నీ తొందర వేరు అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. "ముందు తిను, బస్సు పోతాది" అన్నాను. కాస్త భయముంటే అదుపులో ఉంటుందిలే అనుకున్నాను. ముందు రోజు అన్నది కోపంలో అన్నాను. ఇది మాత్రం తెలిసే చేశాను, అందుకే నన్ను నేను క్షమించుకోలేను.

నాకు పదిహేడేళ్లప్పుడు, సముద్రం చూడాలని ఇద్దరు స్నేహితురాళ్లతో సూళ్లూరుపేటలో మద్రాసు రైలెక్కేశాను. ఇంట్లో చెప్పలేదు. సాయంత్రం తిరిగొచ్చి దిగేసరికి నాయన స్టేషన్లో నిలబడి ఉన్నాడు. "ఏమన్నా తిన్నావామే?" అన్నాడు, అంతే. ఎవరి రక్తమని వెతకలేదు. నా కూతురిలో సగం నా రక్తమే. ఆ రైలు సంగతి మాత్రం దానికి ఎప్పుడూ చెప్పలేదు.

దాని జుట్టు మళ్లీ పెరిగింది. ఇప్పుడు ఇరవై ఏళ్లు, చిత్తూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. చుడీదార్ కొనాలన్నా, స్నేహితులతో సినిమాకు పోవాలన్నా నాకు ఫోన్ చేస్తుంది. ఎంత బుద్ధిమంతురాలో అని మా ఆయన మురిసిపోతాడు. ఆ ఫోన్ మోగితే నాకు ఆ ఇడ్లీ తిన్న పొద్దే గుర్తొస్తుంది.

మొన్న, జుట్టు భుజాల దాకా కత్తిరించుకోవాలని ఉందంది.

"నీ ఇష్టంమే" అన్నాను.

"నా ఇష్టం వద్దుమా. నువ్వే చెప్పు."

అప్పుడు రైలు సంగతి మొత్తం చెప్పాను. అత్త గురించి ఆ రోజు అన్నది తప్పని కూడా చెప్పాను. ఓపికగా విన్నది. రైలెక్కిన దగ్గర నవ్వింది.

"సరేమా," అంది. "ఇంతకీ కత్తిరించుకోనా, వద్దా?"