ఎర్రనీళ్ల ఎన్నిక

మా బెజవాడ వన్ టౌనుకి ఆ ఎండాకాలం కలరా, మునిసిపల్ ఎన్నికలు కలిసే వచ్చాయి. ముందు ఏది వచ్చిందో చెప్పలేను గాని రెండూ ఇంటింటికీ తిరిగాయి. కలరాకి మాత్రం ఎవరూ దండలు వెయ్యలేదు.

యుద్ధం అయిపోయింది, రేషను పోలేదు. నేనప్పుడు మా సందు చివర గుడ్డల కొట్లో గుమాస్తాని. ఫోర్తు ఫారంలో బడి మానేశాను; మా మేష్టర్లు దాన్ని తమ విజయంగా చెప్పుకునేవారు. అయినా ఆ సందులో తడుముకోకుండా పేపరు చదవగలిగినవాణ్ణి నేనే గనక, పొద్దున్నే కొట్టు అరుగు మీద కూర్చుని అందరికీ చదివి వినిపించే ఉద్యోగం కూడా నాదే. జీతం లేదు, కాఫీ ఉంది.

నన్ను పెంచింది మా మేనత్త. మామయ్య చీరల వ్యాపారం చేసి, ఇల్లు ఆవిడ పేర పెట్టి పోయాడు. పన్ను కట్టే ఇల్లు కాబట్టి ఆవిడకి ఓటుండేది. పైగా సందుకంతటికీ మంచినీళ్లిచ్చే బావి మా పెరట్లోనే ఉంది. అంచేత ఎన్నికలొస్తే చాలు, వార్డులో పెద్దమనుషులందరికీ ఆవిడ పిన్నో పెద్దమ్మో అయిపోయేది.

చదువు రానివాళ్ల కోసం అప్పట్లో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క రంగు పెట్టె ఇచ్చేవారు. ఇష్టమైన రంగు పెట్టెలో కాగితం పడేసి రావడమే. మా పాత కౌన్సిలరుది ఎర్రపెట్టె. ఆయన మీద నిలబడ్డ బియ్యం వర్తకుడిది తెల్లపెట్టె. అత్త తెల్లపెట్టె మనిషి. పాత కౌన్సిలరు పోయిన ఎన్నికల్లో సందుకి కుళాయి వేయిస్తానని చెప్పి, ఆవిడ పోసిన పెసరట్లు తిని వెళ్లి మళ్లీ కనబడలేదు. కుళాయి రాకపోయినా సరిపెట్టుకునేదేమో గాని, అట్టు బాగుందని ఒక్క మాట అనకుండా పోయాడని ఆవిడ కోపం.

కలరా ముదిరాక మునిసిపాలిటీ వాళ్లొచ్చి బావిలో పర్మాంగనేటు కలిపి వెళ్లారు. అత్త చేద వేసి తోడితే నీళ్లు ఎర్రగా వచ్చాయి. చేద గట్టున పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని ఆ నీళ్లకేసి చాలాసేపు చూసింది.

"ఆ ఎర్రపెట్టెవాడి ఓట్ల గోల నా బావిలోక్కూడా వచ్చిందిరా" అంది.

అది మందు అత్తా, క్రిములు చస్తాయి, గవర్నర్‌పేటలో బావులకి కూడా వేశారు అని చెప్పాను. అక్కడ కూడా వాడే నిలబడుతున్నాడా అని అడిగింది.

గుడ్డల వ్యాపారం చేసిన ఇల్లాయె. రంగు మీద అనుమానం వస్తే మా వాళ్లు మనిషిని అడగరు, గుడ్డని అడుగుతారు. అత్త తెల్ల మల్లుగుడ్డ పీలిక ఒకటి చేదలో ముంచి, పిండి, తీగ మీద ఆరేసింది. సందులో ఆడవాళ్లంతా పెళ్లిచీర చూడ్డానికి వచ్చినట్టు చుట్టూ చేరారు. ఆరేసరికి ఎరుపు పోయి, తుప్పు పట్టినట్టు గోధుమరంగు మరక తేలింది. తీర్పు అక్కడికక్కడే వచ్చేసింది. నీళ్లలో ఒక రంగు, గుడ్డ మీద ఇంకో రంగు. ఇంతకన్నా మన కౌన్సిలరుకి పోలిక ఏం కావాలన్నారు. రంగు నిలవని సరుకు మా ఇంట్లోకి రానివ్వనంది అత్త. మందుని రంగు కింద కొలిచి తిరగ్గొట్టిన ఊరు మాదొక్కటేనేమో.

పేపర్లు ఈ తీర్పుకి తోడయ్యాయి. ఊళ్లో రెండు చిన్న పేపర్లుండేవి. ఒకటి ఎర్రపెట్టెకి చుట్టం, రెండోది తెల్లపెట్టెకి చుట్టం. ఎర్రవారి పేపరు అసలు ఊళ్లో కలరాయే లేదని, పోయినవాళ్లు అజీర్తితో పోయారని రాసింది. ఆ కబురు వెనక పేజీలోనే కలరా మందు ప్రకటన వేసింది. రేషను బియ్యం తినేవాళ్లకి అజీర్తి ఎక్కణ్ణించి వచ్చిందని అరుగు మీద ఒకాయన అడిగాడు. నేను పేపరు అటూ ఇటూ తిప్పి చూసి, రాయలేదండీ అన్నాను. తెల్లవారి పేపరు కలరా ఉందని ఒప్పుకుంది. అది ఎర్రనీళ్ల వల్లే వచ్చిందని రాసింది. కొన్నాళ్లకి జనం రెండింటి మీదా విసిగిపోయారు. ఆ విసుగు తీర్చుకోవడానికి పేపర్లవాళ్లు దొరకరు గనక, సూది వెయ్యడానికి వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరు మీద పేడనీళ్లు కుమ్మరించారు.

ఈలోగా తెల్లపెట్టె వాళ్లు బళ్ల మీద పీపాలు పెట్టి, కాలవ నీళ్లు తెచ్చి ఇంటింటికీ ఊరికే పొయ్యడం మొదలెట్టారు. స్వచ్ఛమైన తెల్లనీళ్లు, మన పెట్టె నీళ్లు అని పాట. బెజవాడలో పుట్టి పెరిగి కాలవ నీళ్లు తెల్లగా ఉంటాయని నమ్మినవాళ్లని నేనప్పుడే చూశాను. అత్త ఆ నీళ్లే తాగేది. కాచి ఇస్తానంటే పొగ వాసనంది. ఆ కాలవలోనే ఎగువన రోగుల దుప్పట్లు ఉతుకుతున్నారు, గేదెలు పడుకుంటున్నాయి అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

"గేదెలకి ఓటు లేదురా. వాటికి అబద్ధంతో పనేముంది?" అంది.

నేను బావినీళ్లే తాగేవాణ్ణి. అందుకని నా చెంబు వేరు పెట్టింది. వడ్డించేటప్పుడు "ఎర్రవాడికి ఇంకాస్త పప్పా?" అని అడిగేది. నవ్వేవాణ్ణి గాని, ఆవిడ గ్లాసెత్తినప్పుడల్లా తినడం ఆపి చూసేవాణ్ణి. వీధిలో రోజూ ఎవరింట్లోనో ఏడుపు వినబడుతూనే ఉంది.

పోలింగు రోజు తెల్లపెట్టె వారి జట్కా వచ్చి ఆవిణ్ణి ఎక్కించుకుపోయింది. ఓటేసి బయటికి వస్తే వాళ్ల పందిట్లో చల్లని మజ్జిగ ఇచ్చారట. కాలవ నీళ్ల మజ్జిగ. ఎండగా ఉంది, బాగుందిరా, ఇంకో గ్లాసు అడిగి తాగానని వచ్చి చెప్పింది. సాయంత్రానికల్లా మంచం పట్టింది. ఆ పందిట్లో తాగినవాళ్లు చాలామందే పడ్డారు. కొందరు లేవలేదు.

ఆస్పత్రిలో ఉప్పునీళ్లు ఎక్కించారు. కళ్లు లోపలికి పోయి, చెయ్యి చల్లబడి, పిలిస్తే పలకలేదు. ఆ మనిషి మాట్లాడకపోతే ఇంత భయం వేస్తుందని నాకంతవరకూ తెలియదు. తెల్లారాక కళ్లు తెరిచి, సీసాకేసి చూసి, అవేం రంగు నీళ్లురా అని గొణిగింది. తెల్లవే అత్తా, మనవాళ్ల పెట్టె రంగే అన్నాను. నర్సు నన్ను కోప్పడింది. అత్త మాత్రం పెదవి ఒక పక్కకి లాగి నవ్వింది. బతుకుతుందని అప్పుడు నమ్మకం కలిగింది.

ఎర్రపెట్టె కొద్దిలో గెలిచింది. ఎన్నిక చెల్లదని తెల్లపెట్టె వాళ్లు కోర్టుకెక్కారు. మునిసిపాలిటీ ఖర్చుతో బావులకి రంగు వేసి ఓట్లడిగారని వాళ్ల ఫిర్యాదు. తీర్పు వచ్చేదాకా ఏ బావిలోనూ మందు వెయ్యకూడదని కూడా అడిగారు. దానికి సాక్షి కావాలి. సొంత బావి ఉండి, ఆ ఎర్రనీళ్లు తాగి, జబ్బు పడి బతికిన మనిషైతే మేలు. అత్త ఇంటికొచ్చి కాస్త లేచి కూర్చుంటోందని తెలిసి తెల్లపెట్టె వారి ప్లీడరు గారు మా ఇంటికొచ్చారు.

మిట్టమధ్యాహ్నం. నల్లకోటు తడిసి వీపుకి అంటుకుపోయింది. మీరు చెప్పవలసింది ఒక్క ముక్కేనండీ అమ్మగారూ, ఆ ఎర్రనీళ్ల వల్లే జబ్బు చేసిందంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను అన్నారు. గోడ అవతల సందంతా చెవులు రిక్కించుకు నిలబడింది. కౌన్సిలరు మీద కసికొద్దీ అత్త ఊఁ అంటే చాలు, మందు ఆగిపోతుంది, సందు మొత్తం కాలవ నీళ్ల పాలవుతుంది.

అత్త నా వైపు తిరిగి, "అబ్బాయ్, ప్లీడరు గారు ఎండన పడి వచ్చారు. మంచినీళ్లియ్యి" అంది.

ఏ నీళ్లని నేనడగలేదు. బావిలోంచి తోడి, కంచుగ్లాసులో పోస్తే రంగు కనబడదని, గాజుగ్లాసులోనే పోసి తెచ్చాను. ప్లీడరు గారు గ్లాసు వంక చూశారు. గుమ్మం వంక చూశారు. తెల్లపెట్టె వాళ్లెవరూ లేరని రూఢి చేసుకుని, గటగటా ఆఖరి బొట్టుదాకా తాగేశారు.

"మీ ఇంట్లో కూడా ఇవేనా బాబూ?" అంది అత్త.

ఆయన మీసం తుడుచుకుని, గవర్నర్‌పేటలో అందరూ ఇవేనండీ అన్నారు.

"నేనీ నీళ్లు తాగలేదు. మీవాళ్ల మజ్జిగ తాగాను. కోర్టుకి పిలిస్తే ఇదే చెబుతాను, పిలుస్తారా?"

పిలవరన్న సంగతి ఆయన కండువా సర్దుకోవడంలోనే తెలిసిపోయింది. గుమ్మం దాటబోతూ ఆగి, పోనీ మళ్లీ ఎన్నిక పెడితే ఓటు ఎవరికేస్తారు అమ్మగారూ అని అడిగారు.

"తెల్లపెట్టెకే. ఆ పెసరట్టు వాడికి నేను చచ్చినా వెయ్యను" అంది అత్త. "గెలిచాక మందు మాత్రం మానొద్దని చెప్పండి."