కొసరు మందు

పోయినవి ముందు రాస్తాను. మందు ట్యూబులు రెండు. మండీలో ఒక పూట పని. ఆటోలో నలభై నిమిషాలు. పొయ్యి మీద మాడిన గిన్నెడు పప్పు. పందొమ్మిదేళ్ల కాపురంలో నా భార్యకు ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదన్న ధీమా.

నేను చిత్తూరులో మామిడి మండీలో లెక్కలు చూస్తాను. బడిలో నేర్చింది ఎక్కాల వరకే. మిగతాదంతా కాయలు లెక్కపెట్టి నేర్చుకున్నదే. ఇప్పుడంతా తూకమే అయినా, ఇంటికి కొనుక్కుపోయేవాళ్లకు మేము ఇంకా లెక్కకే ఇస్తాం. నూరు కాయలకు నాలుగు కొసరు. అది వెయ్యకపోతే నా చేతికి తోచదు.

నా భార్యకు ఉబ్బసం. మామిడి పూత నెలల్లో ఎక్కువవుతుంది. అందుకే డాక్టరు ఇంట్లో నెబ్యులైజర్ పెట్టుకోమన్నాడు. ఆయాసం వచ్చినప్పుడు ఒక ట్యూబు మందు దాని గిన్నెలో పిండి, మాస్కు పెట్టి, పొగ ఆగేదాకా పీల్చాలి. నేనొక పుస్తకం పెట్టి తేదీ, టైము, ఎన్ని ట్యూబులు, నిమిషానికి ఎన్ని ఊపిర్లు, అన్నీ రాసేవాణ్ణి.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు ఆమె వంటింటి గడప మీద చతికిలబడింది. నిమిషానికి ముప్పై నాలుగు ఊపిర్లు. ఒక ట్యూబు పిండాను. చెయ్యి ఆగలేదు. ఇంకొకటి తుంచి అదీ పిండాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది, చూడలేదు.

మిషను బర్రుమంది. ఛాతీలో పిల్లికూతలు తగ్గాయి. ఆ తర్వాత ఆమె వేళ్లు వణకడం మొదలైంది. నాడి పట్టి లెక్కపెట్టాను. నూట నలభై రెండు. నమ్మక మళ్లీ లెక్కపెట్టాను. నూట నలభై ఆరు. పరుగెత్తి ఆటో పిలిచాను.

"యాందబ్బా ఇది, గుండె బయటికొచ్చేట్టుండాది," అంది దారిలో. నేను మళ్లీ నాడి పట్టుకోబోతే, "అన్నీ రాస్తావే, ఇది గూడా రాసుకో," అని ఎగతాళి చేసింది.

ఆసుపత్రిలో డాక్టరు గుండె చూసి, "మందు ఎన్ని ట్యూబులు పెట్టినారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "ఆయన్నడగండి సార్. లెక్క తప్పే మనిషి గాదు."

"ఒకటే సార్," అన్నాను.

"ఒకదానికే ఇంత దడా? అయితే ఈమెకు ఎక్కువైనట్టే. ఇకమీదట సగమే పెట్టండి."

సాయంత్రానికి గుండె కుదుటపడింది. పుస్తకంలో ఒకటి అనే రాశాను.

అప్పటినుంచి సగమే. సగానికి కూత పూర్తిగా పోదు. మాస్కు తీశాక కూడా గోడకు ఆనుకుని కూచుంటుంది, రెండు మాటలకొకసారి ఆగుతుంది. నేనే పూర్తిగా పిండుదామంటే, నా చేతిని నేనే నమ్మను. డాక్టరుతో నిజం చెప్పాలని మూడుసార్లు టోకెను తీసుకున్నాను. మూడుసార్లూ పిలిచేలోపే లేచి వచ్చేశాను.

నిన్న మధ్యాహ్నం ఆమె మాస్కు చేతికిస్తూ, "ఊరోళ్లకంతా కొసరేస్తావే, నాకు మాత్రం యెయ్యవా?" అంది నవ్వుతూ. నేను గిన్నె కడగడానికని కొళాయి దగ్గరికి వెళ్లి, కడిగిందే మళ్లీ కడిగాను.

ఆ రోజు నుంచి నిన్నటికి నలభై మూడుసార్లు పెట్టాం. సారికి సగం ట్యూబు ఆమెకు బాకీ. అప్పుడు ఎక్కువ వేసిన ఒకటి తీసేస్తే ఇరవైన్నర. దాన్ని తీసెయ్యడానికి నాకు మనసొప్పదు. ఇరవై ఒకటిన్నర ట్యూబులు.