రాక్షసుడి పొట్టలో పిన్ని

మా పిన్ని ఏ గదిలోకి వెళ్లినా ముందు తలుపు గడియ తీసి, వేసి, మళ్లీ తీసి చూస్తుంది. మంచినీళ్ల కోసం మా వంటింట్లోకి వెళ్లినా అంతే.

ఆమె ఉద్యోగం పిల్లల గోల్ఫ్ మైదానంలో. చివరి మలుపులో సిమెంటు రాక్షసుడు నోరు తెరుచుకుని కూర్చుంటాడు. పిల్లలు కర్రతో కొట్టిన బంతి ఆ నోట్లోంచి గొట్టంలో పడి పొట్టలోకి దొర్లుతుంది, కాసేపటికి బొడ్డులోంచి బయటికొస్తుంది. బంతిని తోసే యంత్రం పాడైనప్పుడు, రెండు వారాలు లోపల కూర్చుని తొయ్యమన్నాడు యజమాని. ఆ రెండు వారాలు పదకొండేళ్లయ్యాయి. పొట్టలో నిటారుగా నిలబడటానికి లేదు. ఒక స్టూలు, చిన్న ఫ్యాను, బొడ్డంత వెలుతురు. పిల్లలు వెనక తలుపు తీసి చూస్తే రాక్షసుడి పరువు పోతుందని బయట గడియ పెట్టేవాడు. మోగుతుందని ఫోను కూడా టికెట్ల బల్ల సొరుగులో పెట్టించేవాడు.

ఒకరోజు బట్టల కొట్టులో కుట్టుపనికి పిలుపొచ్చింది. ఎల్లుండి నాలుగింటికల్లా రావాలి. కిటికీ పక్కన మిషను. పిన్ని ముందురోజే వెళ్లి ఆ కిటికీ చూసొచ్చింది. మూడింటికి తలుపు తీస్తానన్న యజమాని కొత్త యంత్రం బేరమాడటానికి వెళ్లి ఆ సంగతే మరిచిపోయాడు.

మూడున్నర దాకా ఓపిక పట్టి, తలుపు తీయమని పిన్ని గొట్టంలోకి అరిచింది. ఆ గొంతు రాక్షసుడి నోట్లోంచి ఉరుములా వచ్చింది. దూరంగా గేటు దగ్గరున్న టికెట్లామెకు వినపడలేదు. పిల్లలు మాత్రం పారిపోవడం మానేసి చప్పట్లు కొట్టారు. కళ్లజోడు పాప ఒకతి ముందుకొచ్చింది.

"వదిలేస్తే మమ్మల్ని తింటావా?"

"తినను తల్లీ. నాలుగింటికి నాకు పనుంది. వెనకాల గడియ తీస్తే చాలు."

"అంత తేలికైతే ఇన్నాళ్లూ లోపలెందుకున్నావు?"



ఇది శాపమని పాప తేల్చేసింది. అది తీరాలంటే వరసగా మూడు బంతులు ఒక్కో దెబ్బకే నోట్లో పడాలట. రెండు పడేవి, మూడోది పక్కకు పోయేది, మళ్లీ మొదటికి. లోపల పిన్ని చెమటలు కక్కుతూ ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంది. చివరికి ఒక మూడో బంతి పెదవి మీద ఆగిందని పిల్లలు కేకేశారు. పిన్ని తను బంతులు తోసే పాత గోల్ఫ్ కర్రను గొట్టంలోంచి పైకి పోనిచ్చి దాన్ని లోపలికి లాగేసింది. రాక్షసుడి నాలుక చూశామని పిల్లలు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.

తలుపు తెరుచుకునేసరికి నాలుగూ ఇరవై. తలనిండా బూజుతో బయటికొచ్చిన మనిషిని చూసి పాప ముఖం మాడిపోయింది.

"రాక్షసుడేడి ఆంటీ?"

"కుట్టుపనికి పోయాడు," అని పిన్ని పరుగెత్తింది. కిటికీ పక్కన అప్పటికే వేరొకామె కూర్చుని ఉంది.

మర్నాడు మాట్లాడే రాక్షసుడి కోసం పిల్లలు గేటు దాకా బారులు తీరారు. యంత్రం మాట్లాడదు కదా అని యజమాని దాన్ని వద్దన్నాడు. పదకొండేళ్లలో ఏదీ అడగని పిన్ని ఆ రోజు ఒక్కటే అడిగింది.

పిన్ని ఇప్పటికీ ఆ పొట్టలోనే పనిచేస్తోంది. గడియ లోపలివైపు ఉంది.